గ్రుయా పేరిట భోజనాలు

"శనివారం గ్రుయా అన్నయ్య పేరిట దినం భోజనాలు. నువ్వు రావాలక్కా," అన్నాడు నిస్తోర్, గుమ్మంలో నిలబడే.

సవేత బుట్ట మిరపకాయల్లో అన్నం, మాంసం కూరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడురా?"

"శనివారం అన్నాను కదా."

"అది కాదు..."

అక్క ముఖం చూసి నిస్తోర్ ఏదో చెప్పబోయాడు. ఆగాడు. కుర్చీ లాక్కుని కూర్చుని టోపీ తీశాడు.

"నాకు కబురు కూడా లేదు," అంది సవేత. "దినం భోజనాలకి మాత్రం గుర్తొచ్చాను. రాను. పదకొండేళ్లు నాతో మాట్లాడని మనిషి. నా వాటాలో ఉన్న అక్రోటు చెట్టు కొట్టించినవాడు."

"తప్పే."

"ఆ మాట నువ్వనడం కాదు, అన్నయ్య అనాలి. ఇప్పుడేం అంటాడు?"

నిస్తోర్ జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి ఊరికి దారి రాయడం మొదలుపెట్టాడు. పొద్దున ఆరింటికి తుర్నూ సెవెరిన్‌లో బస్సు. హెర్కులానెలో దిగి కలప లారీ పట్టుకుంటే సెర్నా లోయలో సగం దూరం. అక్కణ్ణుంచి అడవిలో నడక. చివర కొండగోడ, దానికి కట్టిన నిచ్చెనలు. పైన ఊరు.

"నాలుగు నిచ్చెనలు. నా మోకాళ్ల సంగతి తెలిసే రాశావా?"

"చుట్టుదారి ఉంది. మూడు గంటలు."

"ఆ దారిన వస్తే నాకు కూడా అదే రోజు పెట్టేయొచ్చు. ఖర్చు కలిసొస్తుంది."

నిస్తోర్ నవ్వబోయి మానేశాడు. సవేత మళ్లీ మిరపకాయ తీసుకుంది. ఎక్కువ కూరడంతో అది పగిలింది. పక్కన పెట్టింది.

"బాధపడ్డాడా?"

"పదకొండేళ్లు."

"నేనడిగింది అది కాదు."

"నాకు తెలిసింది అదే అక్కా."

"అమ్మ సమాధి పక్కనేనా?"

"అమ్మ పక్క చోటు అన్నయ్యదే. ఇంకెవరినీ అడగనివ్వలేదు."

సవేత చేతులు కడుక్కుంది. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. వచ్చి తమ్ముడి చేతిలోంచి పెన్సిలు లాక్కుని చుట్టుదారి అన్నచోట గీత కొట్టింది.

"నిచ్చెనలే ఎక్కుతాను. కింద నుంచి నువ్వు పట్టుకో. దినం రొట్టె నేను చేసి తెస్తాను, మీ ఆవిడ చేస్తే మధ్యలో కాలదు. కొవ్వొత్తి కూడా నేనే తెస్తాను."

"సరే."

"మొన్న ఈస్టర్‌కి ఫోన్ చేశానురా. ఒకసారి మోగింది. పెట్టేశాను." కుర్చీలో కూలబడింది. "ఇంకో రెండుసార్లు మోగనిచ్చి ఉంటే ఎత్తేవాడు. ముందు తిట్టేవాడు. తర్వాతన్నా మాట్లాడేవాడు."

ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నిస్తోర్ కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ తీసి ఊరికి కలిపాడు.

"వస్తోంది," అన్నాడు. "అవును, నిచ్చెనల మీదనే... లేదు, నేను బలవంతం చెయ్యలేదు."

అవతలి మాట విని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి అక్క వైపు తిరిగాడు.

"అన్నయ్యే. మన తాత పెట్టుకున్నట్టే, బతికుండగానే తన దినం తనే పెట్టుకుంటున్నాడు. నీ ఏడుపు వినిపించిందట, ఎవరు పోయారని అడుగుతున్నాడు."