నిండు గిన్నె

చోల్పొన్ టీ పోసింది. అంచుదాకా పోసింది.

బల్ల చుట్టూ కూర్చున్న నర్సుల మాటలు ఆగిపోయాయి. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో గిట్టని మనిషి ఇంటికొచ్చినా గిన్నెలో సగమే పోస్తారు. తాగగానే మళ్ళీ పోయడానికి, ఇంకాసేపు కూర్చోబెట్టడానికి. నిండా పోశారంటే తాగి లేచి వెళ్ళమని.

ఆ గిన్నె బురుల్చా ముందుకు వచ్చింది. నలభై దాటిన వయసు, విద్యార్థులకిచ్చే కొత్త తెల్లకోటు, సర్జరీ వార్డులో మొదటి రోజు. ఆమె గిన్నె వంక చూసింది, ముట్టుకోలేదు. పైన పాలమీగడ కట్టేదాకా అలాగే కూర్చుని, అందరి గిన్నెలతో పాటు దాన్నీ కడిగి బోర్లించింది.

“తాగకపోతే ఉండనిస్తుందనుకున్నావా అక్కా?” అంది జమాల్ అనే నర్సు, నడవాలోకి వచ్చాక. “కొత్తవాళ్ళని కాల్చుకు తింటుంది. పోయిన వసంతంలో వాళ్ళమ్మ చనిపోయింది. అప్పట్నుంచి మరీను.”

బురుల్చా తడి చేతులు కోటుకు తుడుచుకుని వార్డులోకి నడిచింది.

వార్డులో నర్సులు ఆమెను అక్కా అన్నారు. ముసలి రోగులు అమ్మాయీ అన్నారు. చోల్పొన్ మాత్రం ఏ వరుసా కలపలేదు. వయసులో చిన్నదే అయినా వార్డులో సీనియర్ నర్సు. ఆమె మాటే చెల్లేది. చేతి తొడుగులు బీరువాలో పెట్టి తాళం వేసేది. నెత్తుటి దుప్పట్లు, బెడ్‌పాన్లు బురుల్చా వంతుకే వచ్చేవి. సూది వేయడం నేర్పేటప్పుడు మిగతా విద్యార్థుల్ని దగ్గరికి పిలిచి, ఈమెను కిటికీలు తుడవమని పంపేది. అది చూసి చూసి, బురుల్చా గదిలోకి రాగానే మాటలు ఆపేయడం మిగతా నర్సులకూ అలవాటైంది.

బురుల్చా పెళ్ళికి ముందు ఇదే చదువు మొదలుపెట్టింది. పూర్తి కాకుండానే భర్తతో రష్యా వెళ్ళి, కుట్టుమిషను ముందు సగం జీవితం గడిపి వచ్చింది. ఈ వయసులో నర్సు చదువేమిటని భర్త నవ్వితే, ఇప్పుడు కూడా వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేనని చెప్పిందట. ఒకరోజు జమాల్ అడిగితే ఇదంతా చెప్పింది. సాయంత్రానికల్లా అది చోల్పొన్ చెవిన పడింది.

“మధ్యలో వదిలేసి పోయి, తీరిక దొరికాక తిరిగొస్తే సరిపోతుందా?” అంది చోల్పొన్, కిటికీ తుడుస్తున్న బురుల్చాతో. “వదిలినవన్నీ మీకోసం అక్కడే కూర్చుని ఉంటాయా?”

“ఉండవు,” అంది బురుల్చా. “అయినా వచ్చాను.”

తుంటి విరిగి చేరిన బుబుసారా అనే ముసలామె ఒక్కతే ఆ వార్డులో బురుల్చాతో నోరారా మాట్లాడేది. ఒక మధ్యాహ్నం కోడలు మాంసం చారు తెస్తే, బురుల్చా చెయ్యి పట్టుకుని మరీ చూపించింది.

“ఇదిగో, నా కోడలు. తొలిచూలు పిల్లాణ్ణి ఆనవాయితీ తప్పకుండా నాకే ఇచ్చేసింది. వాడు నన్నే అమ్మా అంటాడు. దీన్ని వదినా అంటాడు.” కోడలు నవ్వుతూ చారుగిన్నె మూత సర్దుకుంది. సర్దిన మూతనే మళ్ళీ సర్దింది. “నీకెంతమందే పిల్లలు?” అంది ముసలామె బురుల్చాతో.

“ఇంట్లో ఇద్దరు మగపిల్లలమ్మా.”

“కబుర్లు చెప్పుకోడానికా వచ్చింది?” గుమ్మంలోంచి వినపడింది చోల్పొన్ గొంతు. “ఆ బెడ్‌పాన్ ఎవరు తీస్తారు?”

ఆ వారమే ఆసుపత్రికంతటికీ పెద్ద నర్సయిన సైరా బురుల్చాను పిలిపించింది. పిల్లల వార్డులో ఖాళీ ఉందనీ, అక్కడివాళ్ళు మంచివాళ్ళనీ చెప్పింది. బురుల్చా తల అడ్డంగా ఊపింది. ఈ వార్డు తప్ప ఇంకెక్కడా వద్దంది.

“అక్కా, నీకు అర్థం కావట్లేదు. నిన్ను తీసెయ్యమని చోల్పొనే అడిగింది. తను సరేనంటే తప్ప నిన్ను ఇక్కడ ఉంచలేను.”

“రేపటిదాకా ఆగండి,” అంది బురుల్చా.

మర్నాడు పొద్దున బుబుసారా ఎవరినీ పిలవకుండా మంచం దిగబోయింది. కాలు నిలవలేదు. దుప్పట్లు మోసుకొస్తున్న బురుల్చా వాటిని పారేసి ముందుకు దూకింది. ముసలామెను రెండు చేతులా వాటేసుకుని, తాను కింద పడింది. బరువంతా బురుల్చా మణికట్టు మీద పడింది. చోల్పొన్, జమాల్ పరిగెత్తుకొచ్చారు.

“ఇక వదలండి, మేం పట్టుకున్నాం,” అంది చోల్పొన్.

“ముందు గట్టిగా పట్టుకో,” అంది బురుల్చా. వాళ్ళు ముసలామెను పైకి లేపి మంచం మీద పడుకోబెట్టేదాకా చేతులు వదల్లేదు.

ముసలామెకు ఏమీ కాలేదు. బురుల్చా మణికట్టు బెణికి వాచింది. నర్సుల గదిలో చోల్పొనే కట్టు కట్టింది, తలెత్తకుండా.

“చెయ్యి లాక్కుని ఉండొచ్చుగా. ఎందుకు వదల్లేదు?”

“వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు.”

కడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

సైరా తలుపు తోసుకుని వచ్చింది. “ఏం చెయ్యమంటావు చోల్పొన్? పిల్లల వార్డుకు పంపించనా?”

చోల్పొన్ కట్టు చివర ముడివేసింది. కత్తెర డబ్బాలో పెట్టింది. డబ్బా మూసింది.

“ఇక్కడే ఉండనివ్వండి.”

సైరా వెళ్ళాక కెటిల్ అందుకుని ఒక గిన్నెలో టీ పోసింది. సగం దగ్గర చెయ్యి ఆపింది. గిన్నెను బల్ల మీద బురుల్చా వైపు జరిపి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

కట్టు కట్టిన చేతినీ కలిపి, బురుల్చా ఆ గిన్నెను రెండు చేతులా అందుకుంది.

తొలిచూలని అత్తగారికి ఇచ్చేసి వెళ్ళిన కన్నకూతురు పోసిన టీ ఆమె తాగడం అదే మొదటిసారి.