బొమ్మలాయన మేనత్త

పుస్తకం పోయిన రోజు మిరపకాయల కొట్లో ఎవరికీ చేతులాడలేదు.

అది లావుపాటి అపరాధ పరిశోధక నవల. పర్చూరు లైబ్రరీ నుంచి తెచ్చి కోటిరత్నం పైకి చదువుతుంటే, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్లు. కోటిరత్నం చంటిబిడ్డ తల్లి; కారం చేత్తో బిడ్డను ముట్టకూడదని ఆమె వంతు కాయలు మిగతావాళ్లే పంచుకునేవాళ్లు. చదివినన్నాళ్లూ ఆమె చేతులకు కారం అంటదు.

"పుస్తకం లేకపోతే ఇంక చదివేదేముంది? నువ్వూ కాయల దగ్గర కూర్చో," అన్నాడు మేస్త్రీ బుల్లయ్య.

కోటిరత్నం మూలనున్న బిడ్డ ఉయ్యాల వైపు చూసింది. "మొత్తం ముందే చదివేశాను బాబాయ్. నోటితో చెబుతాలే," అంది.

చదివింది సగమే.

కథలో ఒక బొమ్మలాయన. ఒకే ఆడమనిషి ముఖాన్ని పిచ్చిపట్టినట్టు మళ్లీ మళ్లీ గీస్తుంటాడు. బొమ్మ పూర్తయినప్పుడల్లా మర్నాడు ఎవరో ఒకరు చచ్చిపడి ఉంటారు. అంతవరకూ పుస్తకానిది. ఆపైన కోటిరత్నం అల్లిక. డిటెక్టివు రైలెక్కి చీరాలలో దిగాడు. బొమ్మలాయనకు నోటిదురుసు మేనత్త ఒకతె పుట్టుకొచ్చింది.

"అచ్చం మా అత్తే," అంది బసవమ్మ.

"అమ్మాయ్, ఆయనది కలకత్తా అన్నావు. గోంగూర పచ్చడి తింటున్నాడేం?" అని అడిగింది జుబేదా. కొట్లో పెద్దది ఆవిడే. ఒక్క మాట జారనిచ్చేది కాదు.

కోటిరత్నం గబుక్కున అందుకుంది. "మేనత్తను మన వైపే ఇచ్చారు పిన్నీ. ఆవిడే నూరిపెట్టింది."

"అట్లా చెప్పు మరి."

మేనత్త చీపురు తిరగేసి డిటెక్టివును వీధి చివరిదాకా తరిమిన రోజు, బుల్లయ్య తూకం వదిలేసి బస్తా మీద కూర్చున్నాడు. బసవమ్మ నవ్వలేక కళ్లు తుడుచుకోబోయి కారం చెయ్యి పెట్టేసుకుంది. ఆమెను చూసి కొట్టంతా ఘొల్లుమంది. భర్త పోయినప్పటి నుంచీ నవ్వని జుబేదా కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం కోటిరత్నం, జుబేదా కలిసి ఇంటిదారి పట్టారు.

"రేపు లైబ్రరీకి వెళ్లి పుస్తకం పోయిందని చెప్పాలి పిన్నీ. ఏమంటారో ఏమో," అంది కోటిరత్నం.

"వెళ్లే పనిలేదు. ఆ రోజే నేను తీసుకెళ్లి ఇచ్చేశాను."

కోటిరత్నం నిలబడిపోయింది. "నువ్వా? ఎందుకు పిన్నీ?"

"ముక్కు గీయడానికే మూడు రోజులు పట్టించాడమ్మా ఆ రాసినాయన. అంత నస ఎవరు వింటారు? ఉయ్యాల దగ్గర బిడ్డకు నువ్వు చెప్పుకునే కథలే వెయ్యిరెట్లు నయం. పుస్తకం మాయమైతే తప్ప నువ్వు సొంతంగా నోరు విప్పవని తెలుసు." జుబేదా ఆమె చంకలోంచి బిడ్డను అందుకోబోయి, తన చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది. "అదట్లా ఉంచు. చంపిందెవరే?"

అది మాత్రం కోటిరత్నం ఇంకా ఆలోచించలేదు.