మీసం

"నున్నగా గియ్యరా. ఇంటికెళ్తే మీ అక్క నన్ను గుర్తుపట్టాలి," అన్నాడు నాన్న, ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరుపుకుని.

లోపలికి పోయిన బుగ్గని నాలుకతో తనే పొంగించి ఇచ్చాడు.

"ఇన్నాళ్లూ పట్టించుకోనివాళ్లు ఇవాళ గడ్డం గియ్యమన్నారంటే, పంపించేస్తున్నట్టేగా?"

"మాట్లాడకు నాన్నా, తెగుతుంది."

"మీసం జోలికి మాత్రం రాకు."

నర్సు తెర పక్కకి లాగింది. "మీసం కూడా తీసెయ్యండి. లేకపోతే గొట్టానికి వేసే ప్లాస్టరు అంటుకోదు."

గొంతులోకి గొట్టం వేశాక మాట ఉండదనీ, దాన్ని తీసే రోజు రాకపోవచ్చనీ పొద్దున డాక్టరు నాతో చెప్పాడు. వెయ్యమన్నది నేనే.

నా చేతిలో రేజరు ఆగిపోయింది. నాన్న నా మొహంలోకి చూశాడు.

పై పెదవిని తనే పళ్ల మీదికి బిగించి ఇచ్చాడు.