తొమ్మిదో ఇల్లు

"మిషన్ కారులోనే ఉండనియ్యమ్మా," అన్నాడు పెద్దాయన.

ఎనిమిదో రోజు. ఎనిమిదో ఇల్లు. మళ్ళీ అదే మాట.

కుట్టుమిషన్ పెట్టెను డిక్కీలోకి తోసి, పళ్ళు బిగబట్టుకుని ఆమె ఆయన వెనకే మెట్లెక్కింది.

లోపల కుర్చీలు, టీ, కుశలప్రశ్నలు. ఇంటాయన దర్జీ. ఆయన భార్య నడుము నొప్పి గురించి అరగంట, పెద్దమ్మాయి చదువు గురించి ముప్పావుగంట మాటలు నడిచాయి. మిషన్ ఊసే లేదు. ఆమె బ్యాగులోంచి ధరల కాగితం తీయబోతే పెద్దాయన కళ్ళతోనే వద్దన్నాడు.

ఆమె ఈ దేశం వచ్చింది మావయ్య ఫ్యాక్టరీలో తయారైన మిషన్లు అమ్మడానికి. గడువు పది రోజులు. ఒక్క ఆర్డరైనా తేకపోతే ఫ్యాక్టరీ మూసేస్తానని మావయ్య చెప్పేశాడు. అక్కడ పనిచేసేది పద్దెనిమిది మంది ఆడవాళ్ళు.

ఊళ్ళో దిగిన రోజు హోటల్ వరండాలో పెట్టె విప్పుతుంటే ఈ పెద్దాయన ఎక్కణ్ణుంచో వచ్చాడు. అడక్కుండానే మిషన్ ముందు కూర్చుని ఓ గుడ్డముక్క కుట్టాడు. తిరగేసి అడుగు కుట్టు చూశాడు. మిషన్‌కి చెవి ఆనించి విన్నాడు.

"బావుంది. రేపు పొద్దున సిద్ధంగా ఉండమ్మా. నాతో వద్దువుగాని."

ఎవరో బ్రోకరనుకుంది. ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఎవరో ఒకరు దొరికారు కదా అని సరేనంది.

ఎనిమిదో ఇంటి నుంచి హోటల్ గదికి తిరిగొచ్చిన సాయంత్రం మావయ్య ఫోను.

"ఏమ్మా, ఏమైనా అమ్మావా?"

"లేదు మావయ్యా. ఇవాళ కూడా టీ తాగాం."

"మిషన్లు అమ్మడానికెళ్ళావా, పెళ్ళిచూపులకెళ్ళావా? ఆ ముసలాయన తన చుట్టాలందరికీ నిన్ను చూపించుకుంటున్నాడు. ముందు వదిలించుకో. దర్జీల సంఘం ఆఫీసుకి నువ్వే వెళ్ళు. మనకి కావలసింది ఆర్డరు, బంధుత్వం కాదు!"

ఆమె కిందికి దిగింది. పెద్దాయన కారు పక్కనే ఉన్నాడు.

"రేపు సాయంత్రం ఐదింటికమ్మా. ఇంకొక్క ఇల్లే."

"మీకెప్పుడూ ఇంకొక్క ఇల్లే! నాకిక ఓపిక లేదండీ. ఇన్నాళ్ళూ తిప్పినందుకు మీకేమివ్వాలో చెప్పండి. రేపట్నుంచి మీరు రావద్దు."

ఆయన తల ఊపాడు. డిక్కీ తెరిచి, పెట్టెను భుజాన వేసుకుని, ఆమె గది గుమ్మం దాకా మోసి, దించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికల్లా ఆమె సంఘం ఆఫీసులో ఉంది. పక్కన పెద్ద హాలు. అందులో వరసగా మిషన్ల మీద కుట్టుపని సాగుతోంది.

సంఘం అధ్యక్షుడు ఆమె మిషన్ మీద స్వయంగా ఓ చొక్కా చెయ్యి కుట్టి చూశాడు.

"మంచి మిషన్."

"ఎన్ని కావాలండీ?"

"ఒక్కటీ వద్దమ్మా."

ఆమె గబగబా ధరల కాగితం తీసి ముందు పెడితే ఆయన దాన్ని పక్కకి జరిపాడు.

"నీతో తిరిగే పెద్దాయన పక్కన లేడేం?"

"నేనే రావద్దన్నాను."

ఆయన నిట్టూర్చాడు. "రేపు మిషన్ మొరాయిస్తే నీ కోసం మీ దేశం రాలేం కదా. అందుకే మా ఊరివాడొకడు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. అంటే నీ పూచీ తనదని. నువ్వు వెళ్ళిన ఎనిమిదీ మా కమిటీవాళ్ళ ఇళ్ళే. తొమ్మిదోది మాది. ఈ సాయంత్రమే మీరు రావలసింది."

"మరి మిషన్ గురించి ఒక్క మాటైనా అనలేదేమండీ!"

"మనిషి సంగతి తేలకముందే సరుకు బయటపెడితే, అది మా ఇళ్ళలో పెద్ద తప్పు."

ఆమె బ్యాగు అందుకుంది. "ఇప్పుడే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి తీసుకొస్తాను."

"పొద్దున బండికే కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడు. నువ్వూ వద్దన్నాక ఈ ఊళ్ళో ఆయనకింక పనేముంది?"

"అదేమిటండీ?"

ఆయన హాలు వైపు చూపించాడు. అక్కడున్న ప్రతి మిషన్ మీదా ఒకటే పేరు, ఆమె ఎరిగిన ఓ పెద్ద కంపెనీది.

"ముప్పై ఏళ్ళుగా మాకు ఇవి అమ్మింది ఆయనేనమ్మా. నీ మిషన్ కుట్టి చూసిన రోజే, నీ పూచీ తీసుకోవడం కోసం ఆ ఏజెన్సీ వదులుకున్నాడు."