మేడం మడి

“దాంట్లో సెయ్యి పెట్టకు. మేడం వద్దంది కదా,” అంది చిట్టెమ్మ.

సోమన్న వినలేదు. మడిలోకి వంగి ఒక ఆకు తుంచి భార్యకు చూపించాడు. ఆకు నిండా మచ్చలు, కొసలు సన్నగా, నడుమ బూడిద రంగు. అగ్గితెగులు.

“కింద మన మళ్లలో లేదు. దీంట్లోకే ఎలగొచ్చిందో?”

“దిష్టి. అంత దూరం నుంచొచ్చి నాటింది కదా, ఆ మేడం గుంట.”

మడి సోమన్నదే. వాగు పక్కన విడిగా ఉందని, పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన బిందుమాధవి ఈ పంటకు అడిగి తీసుకుంది. అడిగిన రోజు ఆమె చాలాసేపు వివరించింది. సోమన్నకు సగమే అర్థమైంది. మర్యాద కోసం మొత్తానికీ తలూపాడు.

అర్థమైన సగం మాత్రం అతని గుండెలో నాటుకుంది. వరసల్లో వాగు ఒడ్డు అడవి వరి ఉంది, రకరకాల కొండ వడ్లున్నాయి, సోమన్న తల్లి బతికినంత కాలం దాచుకున్న మీసాల వడ్లూ ఉన్నాయి. వీటిలో గట్టిదని తేలిన దాన్నే తల్లిగా పెట్టి కొత్త వంగడం తీస్తారట. అమ్మ వడ్లే గెలవాలని అతని ఆశ.

నాట్లయ్యాక బిందుమాధవి సాలూరు నుంచి ఎండుగడ్డి మోపు తెచ్చి, ముక్కలు చేసి వరసల మధ్య చల్లింది. ఎరువు కోసం పాపం గడ్డి మోసుకొచ్చిందని చిట్టెమ్మ జాలిపడింది. “మీరేం చెయ్యొద్దు బాబాయ్, నేను చూసుకుంటాను,” అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. మొహమాటానికి అన్న మాట పట్టుకుని చేతులు ముడుచుకు కూర్చుంటే కొండ మీద పరువుంటుందా?

“ఇదంతా పోతే పైవోళ్లు ఆ గుంటని ఏటంటారో,” అన్నాడు సోమన్న. “బేగి ముంచింగిపుట్టు సంతకెళ్లి మందు తెత్తాను.”

“అత్త వడ్ల వరసకే కొట్టు. మిగతావి మనకెందుకు?”

“పదిమంది పిల్లలు కూకున్న బంతిలో మన గుంటడికే వడ్డిత్తామేటి?”

అన్నిటికీ కొట్టాడు. అడవి వరికీ, గట్టు చుట్టూ ఆమె ఎందుకో నాటిన బక్క రకానికీ కూడా. మచ్చలు ఆగాయి. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి.

బిందుమాధవి మళ్లీ వచ్చిన రోజు సోమన్న ముందుగా తన తల్లి వడ్ల వరస దగ్గరికే తీసుకెళ్లాడు.

“సూడమ్మా. కొత్తాకులో మచ్చ లేదు.”

“నిజమే బాబాయ్,” అంది. ఆమె ముఖం వెలిగిపోయింది. తర్వాత పక్క వరస చూసింది. దాని పక్కది చూసింది. గట్టు దగ్గర బక్క రకాన్ని చూసి ఆగిపోయింది.

“దీనికీ లేదేంటి?”

“మందు కొట్టేం కదా, అన్నిటికీ సమానంగా. నువ్వు మొగమాటపడి అడగలేదు గాని, మాకు తెలీదా?”

బిందుమాధవి గట్టు మీద కూర్చుండిపోయింది. చిట్టెమ్మ ఇచ్చిన చెంబుడు నీళ్లు తాగింది. వాళ్ల ముఖాలు చూస్తే కోపం రాలేదు, ఏడుపే వచ్చింది. దాన్ని నీళ్లతోనే మింగింది.

“ఆ ఎండుగడ్డితో తెగులు తెచ్చి వేసింది నేనే బాబాయ్, ఏది తట్టుకుంటుందో చూద్దామని.”