మేడ మీది రాడార్

పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ చిసాకో రెండడుగులు వెనక్కి వేసింది.

"నావల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంకెవరున్నారు అక్కగారూ?" హోరిగుచి చేతులు జోడించాడు. "మన ఇనాబాని చూడండి. నిన్న పాటల బారులో గొంతు పారేసుకుని వచ్చాడు."

మెడకు తువ్వాలు చుట్టుకున్న ఇనాబా నోరు తెరిచాడు. కీచుమని గాలి వచ్చింది తప్ప మాట రాలేదు.

కుషిరో రేవు వీధిలో చిసాకోది చిన్న భోజన హోటల్. మేడ మీది గదిని ఆరు నెలలుగా వీళ్లకు అద్దెకిచ్చింది. హోరిగుచికి కటింగ్ షాపు ఉంది. ఇనాబా తపాలా ఉద్యోగి. ఆదివారం వస్తే మాత్రం హోరిగుచి పైలట్, ఇనాబా విమానాలకు రేడియోలో దారి చెప్పే కంట్రోలర్. కంప్యూటర్లో విమానాలు నడిపే ఆట అది. ఆ పిచ్చి ఉన్నవాళ్లు దేశం నలుమూలల నుంచీ, ఎవరింట్లో వాళ్లు కూర్చునే, ఒకే ఆకాశంలోకి వస్తారు.

ఈ ఆరు నెలల్లో చిసాకో ఆ గది గడప దాటలేదు. పంది మాంసం చారు, అన్నం ఉండలు పళ్లెంలో తెచ్చి గుమ్మంలో పెట్టి, తల తిప్పుకుని దిగిపోయేది. ఆ వైర్లూ దీపాలూ చూసి భయం కాబోలనుకున్నాడు హోరిగుచి. చెల్లెల్ని చూడాలన్నా ఆమె విమానం ఎక్కదు. పద్దెనిమిది గంటలు ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్లొస్తుంది. వీధిలో అందరికీ అదో వేళాకోళం.

"కాగితంలో ఉన్నది చదివితే చాలు. పన్నెండింటికి ఎనిమిది విమానాలు దిగాలి. పిలిస్తే పలికేవాడు లేకపోతే మా క్లబ్బు పరువు గంగలో కలుస్తుంది. అయినా ఇది ఆటండీ బాబూ! ఎవరూ చావరు."

ఇనాబా ఆమె చేతిలోని పళ్లెం అందుకుని, ఆమెను లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆమె లేవబోయింది. అంతలో ఎవరో పిలిచారు. ఆకాశంలోంచి పిలిచిన మనిషికి జవాబివ్వకుండా లేవడం ఆమెకు చేతకాలేదు.

కాగితం దగ్గరికి లాక్కుంది. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్క పక్కన దాని ఎత్తు అంకెల్లో. మొదటి విమానానికి మాట తడబడింది. రెండోదానికి నిలబడింది. మూడోదానికి ఆమె కాగితం వైపు చూడలేదు.

"భేష్!" అని ఇనాబా చీటీ మీద రాసి చూపించాడు. ఆమె చెమట్లు మాత్రం ఆగలేదు. ఏప్రాన్ అంచుతో ముఖం తుడుచుకుంది.

గదికి ఆ మూల హోరిగుచి తన విమానం దింపుతున్నాడు. కిటికీలా ఉన్న అతని తెర నిండా తెల్లటి పొగమంచు. బయల్దేరే చోటు, దిగే చోటు చెబితే దారీ, ఇంధనం, ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో అన్నీ లెక్కగట్టి ఇచ్చే ప్రోగ్రాం అతని దగ్గరుంది. దాన్ని నమ్ముకుని గుడ్డిగా దిగుతున్నాడు.

చిసాకో తెర మీద అతని చుక్క తిరగాల్సిన చోటు కంటే వేలెడు ముందే తిరిగింది.

ఎత్తు తగ్గుతోంది. రెండు వేల ఐదు వందల అడుగులు. రెండు వేల రెండు వందలు. ఇనాబా అన్నం ఉండకు చుట్టిన కాగితం ఒలుచుకుంటున్నాడు.

"దిగడం ఆపండి. పైకి లేవండి. వెంటనే ఎడమకి తిరగండి," అంది చిసాకో.

"కాగితంలో అది లేదే అక్కగారూ!" హోరిగుచి నవ్వాడు.

"లే! పైకి లే అంటుంటే!"

ఆ కేకకు ఇనాబా చేతిలోని ఉండ కింద పడింది. హోరిగుచి ఎందుకో తెలియకుండానే పిడిని గుండెలకేసి లాక్కున్నాడు. మంచు చీలింది. నల్లటి చెట్ల కొసలు విమానం కడుపును రాసుకున్నంత దగ్గరగా కిందికి జారిపోయాయి. కొండ.

ఇనాబా వెళ్లి ఆ ప్రోగ్రాం తెరిచి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. నెలనెలా మార్చుకోవాల్సిన దారుల వివరాలు ఆరేళ్ల కిందటివి. అందులో ఉన్న మలుపు ఇప్పుడు అక్కడ లేదు.

"బతికించారు అక్కగారూ!" హోరిగుచి పడీ పడీ నవ్వాడు. "లేకపోతే ఈపాటికి కొండకి పిడకలా అతుక్కుపోయేవాణ్ణి. ఇంతకీ మీకెలా తెలిసింది? అరె, ఏడుస్తున్నారేంటి? ఆటేగా!"

చిసాకో హెడ్‌ఫోన్లు తీయలేదు. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

"మిగతావాళ్లు ఇంకా పైనే ఉన్నారు," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ముందు వాళ్లని దిగనివ్వండి."

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట, దక్షిణాన ఒక చిన్న విమానాశ్రయంలో, నిజమైన రాడార్ ముందు కూర్చుని, 'పైకి లేవండి' అన్న మాట ఆమె పదకొండు సెకన్లు ఆలస్యంగా చెప్పింది.