పేరు పెట్టి

"మిరప బాగా పండిందని ఎవరో కుళ్ళుతో తగలబెట్టారు. అలాగే రాయమ్మా," అన్నాను.

కళ్ళంలో ఆరబోసిన కాయంతా బూడిదైన చాంద్‌బీ ఎదురుగా కూర్చుంది. కానిస్టేబుల్ శ్రీరమ్య రాయలేదు. మతద్వేష నేరాల కేసులు ఎలా రాయాలో నేర్పే గుంటూరు ట్రైనింగ్‌కి, హెడ్ కానిస్టేబుల్నయిన నన్ను కాదని ఆ పిల్లను పంపారు. అప్పటినుంచీ ఆమె గొంతు వింటేనే నాకు కడుపుమంట.

"నిప్పు పెడుతూ ఏమన్నారు చాంద్‌బీ గారూ?" అనడిగింది.

"'మీవాళ్ళకి ఈ ఊళ్ళో పంటేంటే' అన్నారమ్మా."

శ్రీరమ్య నావైపు చూసింది. "కుళ్ళేనంటారా సార్?"

ఇన్నాళ్ళూ మనసులో ఎన్ని తిట్టుకున్నా శ్రీరమ్యనే తిట్టుకున్నాను. ఆమె తాలూకు వాళ్ళనెవరినీ అనలేదు.

"కాదు. కుళ్ళయితే పేరు పెట్టి తిడతారమ్మా, ఆ సంగతి నాకు తెలుసు. ఇది మతం చూసి పెట్టిన నిప్పు. అలాగే రాయి."